తాండూరు ప్లాట్‌ఫారం మీద డెడ్‌లాక్

వికారాబాద్‌లో రైలెక్కేటప్పటికే ఏజెంట్ చంద్రప్పకు నడుము పట్టేసింది. ఇన్నేళ్ళ గూఢచారి ఉద్యోగంలో ఆ నడుము పెట్టినంత బాధ ఏ శత్రువూ పెట్టలేదు.

స్టేషన్ వెయిటింగ్ రూములోనే చీఫ్ పద్మారాణి బ్రీఫింగ్ ఇచ్చింది. విదేశీ ముఠా ఒకటి తాండూరు సిగ్నల్ సిస్టంలోకి ఓ ప్రోగ్రాం ఎక్కించింది. చంద్రప్ప రైలు వెనకాల వచ్చే ప్యాసింజర్‌ను అది సిమెంటు గూడ్సు నిలబడి ఉన్న లైనులోకి మళ్ళిస్తుంది. రైలును ముందే ఆపితే ముఠాకు తెలిసిపోతుంది, ఇంకో స్టేషన్లో ఇదే పని చేస్తారు. ఆ ప్రోగ్రాంను ఆపే పాస్‌వర్డ్ ఒక్కటే దారి. అందులో మొదటి సగం, పట్టుబడిన ముఠా నాయకుడి నుంచి రాబట్టారు. రెండో సగం వైశాలి దగ్గరుంది.

వైశాలి డబుల్ ఏజెంట్. ముఠాకు ప్రోగ్రాం రాసిపెట్టేదీ ఆమే, మనకు కబురు అందించేదీ ఆమే. లోకానికి మాత్రం అల్గారిదమ్‌లను తెలుగులో ముచ్చటగా చెప్పే పాడ్‌కాస్టర్.

ఆమె మన మనిషేనా అని అడిగాడు చంద్రప్ప.

"గది తెలిస్తే మిమ్మల్నెందుకు పంపుత? ఆమె సగం చెప్పేదాక మీ సగం చెప్పొద్దు. రెండూ వాళ్ళ చేతుల పడితే పాస్‌వర్డే మార్చేస్తరు."

దారిలో హోంవర్కుగా ఆమె ఎపిసోడ్లు విన్నాడు. చెవిలోని వినికిడి మిషన్ నిజానికి రిసీవర్. రికర్షన్ అనే పాఠం దగ్గర నిద్రపట్టింది. డెడ్‌లాక్ దగ్గర మెలకువ వచ్చింది.

"ఒకరి చేతిల గిన్నె, ఇంకొకరి చేతిల గరిటె," అంటోంది వైశాలి. "ముందు నువ్వియ్యి అంటే నువ్వియ్యి అంటరు. ఇద్దరిదీ తప్పు లేదు. వంట మాత్రం కాదు. కంప్యూటర్లు గూడ గిట్లనే ఆగిపోతయి. ఎవరో ఒకరు చేతిలది కింద పెట్టాలె."

కందుల వ్యాపారి వేషంలో తాండూరులో దిగాడు. బెంచీ మీద ఎర్ర పట్టుచీర, నల్ల కళ్ళద్దాలు, గుప్పుమనే సెంటు. ప్లాట్‌ఫారం మీద అందరూ ఆమెనే చూస్తున్నారు. గూఢచారి కంటపడకూడదని ఈ కాలం పిల్లలకు ఎవరూ నేర్పరు కాబోలు.

"కందుల ధర ఎట్లుంది?" అన్నాడు.

"వాన పడితే చెప్త." కోడ్ సరిపోయింది. "మీ సగం చెప్పండి."

ముందు ఆమెనే చెప్పమన్నాడు. తనకూ అదే ఆర్డర్ ఉందంది వైశాలి. ఆ ఆర్డర్ ఇచ్చింది కూడా పద్మారాణే. ఫోన్ చేస్తే మేడం మీటింగులో ఉన్నారన్నారు. ఇద్దరూ బెంచీకి చెరో చివర కూర్చున్నారు. చంద్రప్పకు ఉద్యోగం మీదే విసుగొచ్చింది.

అప్పుడు భార్య హన్మమ్మ ఫోన్ చేసింది. అక్క మనవడి పుట్టినరోజట, అనుకోకుండా ధారూర్‌లో ప్యాసింజర్ ఎక్కిందట. "తాండూరు దగ్గరికొచ్చినం. నువ్వు హైదరాబాద్ల తిన్నవా?"

హైదరాబాద్ పని మీద వెళ్తున్నానని ఇంట్లో చెప్పొచ్చాడు కాబట్టి తిన్నానన్నాడు. ముప్పై ఏళ్ళుగా రోజూ తిన్నవా అని అడిగే మనిషి ఆ రైల్లో ఉంది. దూరంగా కూత వినబడింది.

"బిడ్డా, నువ్వు ఎవల మనిషివో నాకు ఎర్కలేదు," అన్నాడు. "నా ఇంటామె గా రైల్ల ఉన్నది. గరిటె నేనే కింద పెడుతున్న."

తన సగం ఆమె చెవిలో చెప్పేశాడు.

వైశాలి కళ్ళద్దాలు తీసింది. నిద్రలేని కళ్ళు. ఒక్క క్షణం ఆయన్ను చూసి, గబగబా ఫోన్లో టైప్ చేసింది. రైలు మలుపు తిరుగుతుండగా పట్టాలు చప్పుడుతో పక్కకు జరిగాయి. ప్యాసింజర్ గూడ్సు పక్కనుంచి ఖాళీ లైనులోకి వచ్చి ఆగింది. చంద్రప్పకు ఏడుపొచ్చినంత పనైంది.

"నా ఎపిసోడ్లు మస్తు మంది వింటరు," అంది వైశాలి అలసటగా. "చేసింది మాత్రం మీరొక్కరే."

రైలు దిగిన హన్మమ్మకు ఎదురుగా, హైదరాబాద్‌లో ఉండాల్సిన మొగుడు తలపాగా చుట్టుకుని పట్టుచీర పక్కన కనిపించాడు. ఆమె చేతిసంచీ సర్దుకుని ఆటోల వైపు నడిచింది.

ఆటోలో చెరో వైపు చూస్తూ కూర్చున్నారు. అడగడానికి ఆమెకు మనసు లేదు, చెప్పడానికి ఆయనకు పర్మిషన్ లేదు. ఈసారి కూడా గరిటె తనే కింద పెట్టాలని చంద్రప్పకు తెలుసు. ఏమని చెప్పి పెట్టాలో మాత్రం ఏ ఎపిసోడ్‌లోనూ లేదు.