మురుకులో పురుగు

ఆదివారం పదిగంటలకి హేమమాలిని ఉప్పళం పేటలో కన్నియమ్మాళ్ అంగడి ముందు నిలబడి మురుకు కొంది. తినలేదు. చిన్నవాటిని పెద్దగా చూపించే మాక్రో లెన్సును నాన్న ఫోనుకు తగిలించింది. బొత్తామంత లెన్సు అది. నిన్ననే మామయ్య ఇచ్చాడు.

"రెండు వేళ్ళ దూరంలో పెట్టు. చెయ్యి కదిలితే అంతా మసకే," అని కూడా చెప్పాడు. హేమమాలినికి అంత ఓపిక యాడిది? టక్కున నొక్కేసింది.

తెర మీద పొడుగ్గా, ఒంటినిండా నూగుతో ఏదో ఉంది. సగం మసక.

"భువనేశ్, చూడరా. మురుకులో పురుగు."

పక్కింటి భువనేశ్ నమలడం ఆపాడు. "ముందే చెప్పకూడదా? ఇది నాకు మూడోది."

మంచిమాట కాలినడకన పోతుంది. చెడ్డమాట సైకిలెక్కుతుంది. మధ్యాహ్నానికి వీధిలో ఒక్క పిల్లా అంగడి వైపు పోలేదు. మురుకుల డబ్బా నిండుగా అలాగే ఉంది. కన్నియమ్మాళ్ మాటిమాటికీ మూత తీసి వాసన చూసుకుంటోంది.

ఇంట్లో అమ్మ ఆ ఫొటో చూసింది. "పురుగని ఎవరు చెప్పింది?"

"చూస్తానే తెలస్తా ఉంది కదమ్మా."

అమ్మ పోపులపెట్టెలోంచి ఒక జీలకర్ర గింజ తీసి తెల్లకాగితం మీద పెట్టింది. "దీన్ని కూడా తియ్యి. నిదానంగా."

ఈసారి హేమమాలిని మోచేతులు బల్లకి ఆనించింది. ఊపిరి బిగబట్టి, ఫోనును కొంచెం కొంచెంగా ముందుకి జరిపింది. మసక విడిపోయింది. గింజ మీద గీతలు, గీతల మధ్య సన్నటి నూగు.

పొద్దున చూసిన పురుగే.

హేమమాలిని ముఖం వేడెక్కింది. "ఇప్పుడేం చేసేదమ్మా?"

"నన్నడిగితే? పురుగని నాకా చెప్పినావు?"

హేమమాలిని పిల్లలందర్నీ అంగడి ముందుకి పిలుచుకొచ్చి, రెండు ఫొటోలూ చూపించింది. "అది జీలకర్ర. నేనే సరిగ్గా చూడకుండా చెప్పేసినా."

"జీలకర్రకా మేం భయపడింది?" అని భువనేశ్ పడీపడీ నవ్వాడు.

కన్నియమ్మాళ్ నవ్వలేదు. "ఓహో, నీ పనేనామే ఇది? పొద్దుట్నించీ నూనె చెడిందేమో అనుకుంటా ఉండా."

"నాదే అవ్వా. తప్పయిపోయింది."

కన్నియమ్మాళ్ డబ్బా ఎత్తి ఆ పిల్ల చేతుల్లో పెట్టింది. "అట్లయితే నువ్వే అమ్ము."

డబ్బా బరువుగా ఉంది. హేమమాలిని గొంతు సవరించుకుని, వీధి చివరిదాకా వినబడేలా పిలిచింది. "మురుకులో... జీలకర్ర మురుకులో..."