ట్యాంకు నిండా నీళ్లు

గజపతినగరంలో నాకు మోటారు వైండింగ్ షాపు ఉంది. బోరుబావుల్లో దిగే మోటార్లు ఎన్ని విప్పి బిగించానో నాకే గుర్తులేదు. అందుకే మా బావ తిరుమలరావు తన సబ్‌మెరైన్‌కి ఏ చిన్న జబ్బు చేసినా దాన్ని తెచ్చి నా బల్ల మీద పడుకోబెట్టి, "అసిరయ్యా, దీని నాడి సూడు" అనేవాడు. బావ బళ్లో లెక్కల మేష్టారు. మూడడుగుల ప్లాస్టిక్ పైపుకి ముక్కూ తోకా అతికించి, ఎర్రరంగు కొట్టి, రిమోట్‌తో నడిచే సబ్‌మెరైన్ తయారుచేశాడు. పిచ్చి ముదిరింది, రోకలి తలకు చుట్టండి అని మా అక్క దుర్గాభవాని నవ్వేది.

దాని ప్రాణమంతా కడుపులో ఉండే బల్లాస్ట్ ట్యాంకులో ఉంటుంది. పెద్ద సిరంజీ అనుకోండి. పిస్టన్ వెనక్కి జరిగితే నీళ్లు లోపలికొచ్చి పడవ మునుగుతుంది. ముందుకు తోస్తే నీళ్లు బయటికి పోయి తేలుతుంది. పదడుగుల లోతు దాటితే రిమోట్ సిగ్నల్ అందదు కనక, సిగ్నల్ తెగిన రెండు నిమిషాలకి పిస్టన్ తనంతట తనే నీళ్లు కక్కించేలా బావ ఏర్పాటు చేశాడు.

ఆ పిస్టన్ చుట్టూ ఒక రబ్బరు రింగు ఉంటుంది. దానికి తెల్ల సిలికాన్ గ్రీజు తప్ప ఇంకోటి రాయొద్దని బావ వందసార్లు చెప్పాడు. పోయిన శనివారం ఆ ట్యూబు అయిపోయింది. బేరింగులకు రాసే గ్రీజు నా చేతికి దగ్గర్లో ఉంది. రాసేశాను. మోటారు మెకానిక్కి ఆ గ్రీజు సర్వరోగ నివారిణి. నూనె తాగి రబ్బరు ఉబ్బుతుందని తెలియక కాదు. ఒక్క రోజుకి ఏమవుతుందిలే అనుకున్నాను.

ఆదివారం రామతీర్థం వైపు ఉన్న పాత రాతి క్వారీ గోతిలో దాన్ని దింపాం. రెండు నిమిషాలు అయ్యాయి. ఐదయ్యాయి. పిస్టన్ సగంలో బిగుసుకుపోయినట్టుంది. పడవ కొంత లేచి, గట్టు పక్కనే రెండు నిలువుల లోతులో ఒక రాతి మీద ఆగిపోయింది. ఎర్రగా కనిపిస్తూనే ఉంది. బావ చొక్కా విప్పి దిగాడు. కాసేపటికి ఎర్రముక్కు నీళ్లపైకి వచ్చి నా చేతికి అందింది. కిందనుంచి బావే తోశాడనుకున్నాను.

బావ పైకి రాలేదు.

రెండు రోజులు ఈతగాళ్లు గాలించారు. అరవై అడుగుల లోతు, కిందంతా బండల సందులు, మావల్ల కాదని వెళ్లిపోయారు. మంగళవారం సాయంత్రం పెద్దలు కూర్చుని, గురువారం పొద్దున్న మోదుగాకులతో బొమ్మ చేసి దహనం చేసేద్దామని తేల్చారు. శవం దొరకనివాళ్లకి అదే పద్ధతి.

ఆ రాత్రే అక్క నా షాపుకి వచ్చింది.

"ఆకుల బొమ్మని కాల్సేసి నా మొగుడు పోనాడని నానెలాగ ఒప్పుకుంతాన్రా? నీ కాడ ఆ పడవ ఉన్నాది. దానికి కెమెరా ఉన్నాది. ఎతుకు."

గ్రీజు సంగతి గొంతుదాకా వచ్చింది. మింగేశాను. పిరికితనం కాక మరేమిటి?

విశాఖపట్నం నుంచి కొత్త రింగూ సిలికాన్ గ్రీజూ బస్సులో వేయించుకున్నాను. పాత రింగు విప్పితే వానకు నానిన శనగగింజలా ఉబ్బి ఉంది. కొత్తది బిగించి నీళ్లతొట్టిలో పదిసార్లు ముంచాను. పదిసార్లూ తేలింది.

బుధవారం మధ్యాహ్నం మూడింటికే, సముద్రంలో వాయుగుండం వల్ల, ఆకాశం మసిబట్టిపోయింది. క్వారీ వాచ్‌మన్ గణపతిరావు తాడుచుట్ట, కొడవలి పట్టుకొచ్చాడు. నాలుగు పక్కలా నిలువుగా కోసిన బండ. మధ్యలో నల్లగా నీళ్లు. తడిసిన రాతిపొడి వాసనకి కుళ్లిన నాచు వాసన తోడైంది. ఎక్కడో బండ మీంచి ఒక్కొక్క చుక్కే పడుతోంది. అక్క గట్టంచున కూర్చుని నీళ్లలోకే చూస్తోంది.

మొదటిసారి దింపాను. రెండు నిమిషాలకి బుద్ధిగా తేలింది. కెమెరా కార్డు ఫోన్లో పెట్టి చూశాం. బండలు, బురద, తుప్పు పట్టిన ఇనప ఊచ. బావ లేడు.

రెండోసారి ఎదుటి గోడ దగ్గరికి నడిపి ముంచాను. రెండు నిమిషాలు. ఐదు. ఎనిమిది... పదకొండో నిమిషంలో నీళ్లు కదిలాయి. ఎర్రముక్కు మెల్లగా పైకి వచ్చి గట్టు వైపు జరిగింది.

ఒడ్డుకి లాగి మూత విప్పాను. బ్యాటరీ వైరు ఊడిపోయి ఉంది. పిస్టన్ అంగుళం కూడా కదల్లేదు.

ట్యాంకు నిండా నీళ్లే.

నీళ్లు నిండిన బిందె తేలుతుందా? ఇదీ తేలకూడదు. మళ్లీ మళ్లీ చూశాను. పగుళ్లు లేవు, గాలి చిక్కుకునే చోటు లేదు. కెమెరాకి వేరే బ్యాటరీ కనక అది ఆగలేదు; దాని కార్డు తీసి ఫోన్లో పెట్టాను. ఎనిమిది నిమిషాలపాటు కదలకుండా అదే బండ. తర్వాత కెమెరా మెల్లగా పైకి లేచింది. బండ కిందికి పోయింది. కుదుపు లేదు. నిద్రపోయే పిల్లని ఎత్తుకున్నట్టు, ఎవరో జాగ్రత్తగా ఎత్తి తీసుకొచ్చారు. చెయ్యి మాత్రం ఎక్కడా కనపడలేదు.

అక్క ఫోన్ చూసి నవ్వింది. ఆదివారం తర్వాత అదే మొదటి నవ్వు. నాకు ఆ నవ్వుకే ఎక్కువ భయమేసింది.

"మీ బావేరా. తోస్తన్నారు. నానిక్కడున్నానని తెలిసినాది."

ఇక ఆగలేక అక్కతో అనేశాను. "అప్పా... తప్పు నాదే. రింగుకి రాయకూడని గ్రీజు రాసినాను. అందుకే బిగుసుకున్నాది. బావని నానే సంపేసినాను."

చెంప పగిలింది. మళ్లీ అదే చేత్తో నా కాలరు పట్టుకుంది.

"ఆ ఏడుపు తర్వాతేడుద్దువు. ముందు ఆయన్ని పైకి తే. ఈపాలి తాడు కట్టు."

బ్యాటరీ తీసి జేబులో వేసుకున్నాను. ట్యాంకు నీళ్లతోనే ఉంది, బరువుకి అదే చాలు. పడవ తోకకి తాడు కట్టి, ఎదుటి గోడ వైపు వెళ్లేలా బలంగా విసిరాను. తాడు జర్రున జారింది. ఆగింది. తర్వాత... పక్కకి నడవడం మొదలుపెట్టింది. గోతికి అడ్డంగా, నెమ్మదిగా, మావైపే వచ్చి సరిగ్గా మా కాళ్ల కింద నిలిచిపోయింది.

"లాగండి బాబూ," అన్నాడు గణపతిరావు.

ముగ్గురం లాగాం. ముందు పడవ వచ్చింది. దాని తోక దగ్గర తాడు మెలికపడి, ఆ మెలికలో ఒక చెయ్యి.

బావ వచ్చాడు.

అతణ్ణి గట్టు మీదికి ఎలా చేర్చామో నాకు సరిగ్గా గుర్తులేదు. కొడవలితో తాడు కోసేశాం, పడవ మళ్లీ నీళ్లలోకి జారిపోయింది. అక్క బావ తల ఒళ్లో పెట్టుకుని, కొంగుతో ముఖం తుడుస్తూ ఏడ్చింది. నేనూ ఏడ్చాను. భయం మధ్యలోనే, దొరికాడన్న శాంతి కూడా కలిగింది.

గణపతిరావు బావ కాళ్ల దగ్గర వంగి అలాగే ఉండిపోయాడు. మోకాళ్ల దాకా, బండలు పేల్చడానికి ఎప్పుడో వాడిన పాత వైర్లు చుట్టుకుని ఉన్నాయి. చివర రాతిముక్క వేలాడుతోంది.

"బాబూ, ఈ పేలుడు వైర్లు ఈ గట్టు కిందే ఉంతాయి. అవతలి గోడ కాడ ఉండవు," అన్నాడు. "ఈరు ఆదారం నుంచీ ఈడే సిక్కుకుపోయున్నారు. కదల్నేరు."

నా చెయ్యి జేబు మీదికి పోయింది. బ్యాటరీ ఉంది. అప్పుడు నీళ్లవైపు చూశాను. కోసిన తాడుముక్కతో పడవ తేలుతోంది. చూస్తూ ఉండగా మునిగింది. చుట్టూ ఒక్క బుడగ కూడా లేవలేదు. కొంచెంసేపటికి మళ్లీ తేలింది. ఈసారి గట్టుకి దగ్గరగా.

అక్క ఏడుపు ఆపేసింది.

"మీ బావ ఈడే ఉన్నారు కదరా..." గుసగుసగా అంది. "మరి దాన్నెవులు తోస్తన్నారు?"

"ఈ గోతిలో ఇంతకుముందు ఇంకెవులూ సావనేదమ్మా," అన్నాడు గణపతిరావు. "ముప్పై ఏళ్లుగా నానే కాపలా."

పడవ మళ్లీ మునిగింది. మళ్లీ తేలింది. ఇప్పుడు మాకు బారెడు దూరంలో ఉంది. ఎర్రముక్కు మెల్లగా పైకెత్తి, కిందనుంచి ఎవరో "ఇదిగో, పట్టుకో" అని అందిస్తున్నట్టు నిలబడింది.

అక్క చెయ్యి ముందుకు వెళ్లింది. ఎందుకు వెళ్లిందో ఆమెకే తెలిసినట్టు లేదు. రెండు చేతులా ఆ చెయ్యి పట్టుకుని వెనక్కి లాగాను.

బండ మీది చుక్కల చప్పుడు ఆగిపోయింది.

ఎవరమూ అందుకోలేదని చూసుకుందేమో... అది ఇంకో జానెడు ముందుకొచ్చింది.