మీ ఇష్టం

ఆ రోజు మా ఇంట్లో ఐదుగురం ఉన్నాం. కుట్టుమిషన్ ముందు నాన్న, మంచం మీద నానమ్మ, గుమ్మం పక్కన అమ్మ, ఉన్న ఒక్క కుర్చీలో వాలీబాల్ కోచ్ మేడమ్. వంటగది తలుపు చాటున నేను.

మేడమ్ వచ్చింది నా కోసమే. చుట్టుపక్కల ఊళ్ల ఆడపిల్లల్ని ఏడాదిపాటు హాస్టల్లో ఉంచుతారట. పొద్దున ఆట, మధ్యాహ్నం చదువు, సాయంత్రం మోటార్ వైండింగ్ పని. మిగతా పిల్లలు అప్పటికే బడి దగ్గర వ్యాన్ ఎక్కేశారు. నాన్న సంతకం పెడితే నేనూ ఎక్కుతాను.

నాన్న చాలాసేపు కుడుతూనే ఉన్నారు. చివరికి నన్ను పిలిచారు.

"వెళ్తావా?"

వారం రోజులుగా నాకు కలలో కూడా వాలీబాల్ సర్వీసులే. అయినా తల దించుకుని, "మీ ఇష్టం నాన్నా" అన్నాను. పెద్దవాళ్లు ఏమడిగినా మా ఇంట్లో ఆడపిల్లలు చెప్పే జవాబు అదే.

నానమ్మ మురిసిపోయింది. నోట్లో నాలుక లేని పిల్లనని మెచ్చుకుంది. నాకు పెద్దగా ఆసక్తి లేనట్టుందని, వదిలేయమని నాన్న మేడమ్‌తో చెప్పేశారు. మేడమ్ నా వైపు చూశారు. నేను నేల చూపులు చూశాను. ఆమె సంతకం కోసం తెచ్చిన ఫారం అక్కడే వదిలేసి వెళ్లిపోయారు.

నాకు ఒళ్లు మండిపోయింది. నాన్న మీద, నానమ్మ మీద, ఇంకోసారి అడగని మేడమ్ మీద. గిన్నెలు తోముతూ ఒక్కోదాన్నీ ఠంగుమని పడేశాను.

"వాటి మీదెందుకే కోపం? అవేం అనలేదుగా" అంది అమ్మ. కొంచెం ఆగి, "నువ్వూ ఏం అనలేదు" అంది.

సబ్బు చేతులతోనే నాన్న ముందు నిలబడ్డాను.

"నాకు వెళ్లాలనుంది."

మిషన్ ఆగింది. "మరి ఇందాక అలా అన్నావేం?"

"భయమేసి అన్నా. మీరేమో నాకు ఆసక్తి లేదని చెప్పేశారు. లేదని నేనెప్పుడన్నాను?"

చేతులు తుడుచుకుని ఫారం తీసి మిషన్ మీద పెట్టాను.

దీనికి ఇప్పుడు నాలుక మొలిచిందని నానమ్మ గొణిగింది. నాన్న ఫారం మీద సంతకం పెట్టారు. వద్దన్న నోటితో తాను మళ్లీ అడగలేనని, మేడమ్‌కి నన్నే చెప్పుకోమని అన్నారు. అమ్మ నాలుగు జతల బట్టలు సంచిలో కుక్కింది.

సంచీ, ఫారం పట్టుకుని బడి దగ్గరికి పరుగెత్తాను. వ్యాన్ బయల్దేరబోతోంది. నన్ను చూసి మేడమ్ మొహం గంటు పెట్టుకున్నారు.

"ఎండలో మీ ఇంటికొచ్చి గంట కూర్చున్నా. ఒక్క మాట పెగల్లేదు నీకు. కోర్టులో బాల్ నీ వైపొస్తే ఏమని అరుస్తావు?"

"నాది అని, మేడమ్."

"అరవకపోతే?"

"ఎవరూ అందుకోక ఇద్దరి మధ్యా పడిపోతుంది."

ఆమె వ్యాన్లో మిగిలిన ఒక్క సీటు చూపించి, అది ఎవరిదని అడిగారు.

"నాది" అన్నాను.

వినపడలేదన్నారు.

ఈసారి అరిచాను. అంతసేపూ మింగిన కోపమంతా ఆ ఒక్క మాటలో బయటికొచ్చింది. డ్రైవర్ ఉలిక్కిపడి వెనక్కి తిరిగాడు.

మేడమ్ నవ్వలేదు. సంచి లోపలికి విసిరి, భుజం పట్టి నన్ను ఎక్కించి, దభీమని తలుపు వేసేశారు.