కోడిపిల్లల బల్బులకు మినహాయింపు

“స్టార్ గుర్తు లేకుండా బల్బులు, ఫ్యాన్లు అమ్మకూడదని మీకు తెలీదా?”

చెన్నై సౌకార్‌పేటలోని తండ్రి కరెంటు సామాన్ల దుకాణంలో కూర్చున్న కిట్టు తలెత్తాడు. వానకు సగం తడిసిన చుడీదార్, మెడలో ఐడీ కార్డు. కరెంటు ఆదా రూల్స్ తనిఖీ చేసే ఆఫీసు నుంచి వచ్చిన మధుమిత.

“ఈ పాత ఫిలమెంట్ బల్బులు ఇండ్లకు కాదు మేడమ్. కోళ్ల ఫారాలకు. కోడిపిల్లలకు వెలుగు కాదు, వేడి కావాల. ఎల్ఈడీ పెడితే పాపం చలికి చచ్చిపోతాయి. ఆ ఫ్యాన్లూ షెడ్లకే.”

“అయితే మినహాయింపుకి అప్లై చేయండి. అప్పటిదాకా అమ్మకం ఆపాలి.”

“అయ్యో, చలికాలం వస్తా ఉంది మేడమ్!”

“నా మీద అరిస్తే చలికాలం ఆగుతుందా?” అని నవ్వేసింది.

కిట్టుకు కోపం రావాలి. రాలేదు. అదే అతన్ని కంగారు పెట్టింది.

కిట్టు అప్లికేషన్ పెట్టాక, బల్బుల వేడి కొలవడానికి ఆమె మళ్లీ మళ్లీ వచ్చింది. కిట్టు తల్లి వాసవాంబ ఇచ్చిన కాఫీ తాగింది.

“మీటరు ఆడ పెట్టండి” అన్నాడొకసారి కిట్టు.

“ఆడ ఏంటండీ? మా గుంటూరులో ‘అక్కడ’ అంటాం.”

“చెన్నైకి వచ్చినారు గదా, నేర్చుకోండి!”

ఒక సాయంత్రం ధైర్యం చేసి మెసేజ్ పెట్టాడు: ‘మీరు రాని రోజు ఇన్ని బల్బులున్నా షాపు డల్‌గా ఉంటాది.’

జవాబు రాలేదు. ఆమె కూడా రాలేదు. ఫోన్ ఎత్తలేదు. ఆమె బదులు నాగలింగం అనే ఆఫీసరు వచ్చాడు.

“మధుమిత ఈ కేసు వదిలేశారు” అన్నాడు ముక్తసరిగా.

కిట్టుకు అర్థమైపోయింది. తన మెసేజ్ వల్లే! ఫారాల వాళ్లు రోజూ ఫోన్లు చేస్తున్నారు. తండ్రి కోటిలింగం అన్నం ముందు కూర్చుని కెలికి లేచిపోతున్నాడు. తన తొందరపాటుకి నాయన వ్యాపారం పోతుందా? ఆ మాట ఇంట్లో చెప్పలేక కిట్టు లోలోపల నలిగిపోయాడు.

చివరికి నాగలింగం ఫోన్ చేశాడు. కోళ్ల ఫారాలకు అమ్మే బల్బులకు, ఫ్యాన్లకు మినహాయింపు వచ్చింది. కోటిలింగం కుర్చీలో కూలబడి కళ్లు తుడుచుకున్నాడు.

ఆ సాయంత్రమే మధుమిత గుమ్మంలో నిలబడింది.

“కోపమా మేడమ్?” కిట్టు లేచి నిలబడ్డాడు. “ఆ మెసేజ్ తప్పయితే...”

“తప్పు కాదు. అది చదివాక ఈ కేసులో నేను సంతకం పెట్టకూడదనిపించింది. మా సార్‌కి చెప్పేశాను.”

“ఏమని?”

“ఆ షాపబ్బాయంటే నాకిష్టం, నేను చూస్తే న్యాయం కాదు అని. తేలేదాకా మీతో మాట్లాడకూడదు కదా. ఎంత భయపడ్డానో తెలుసా? ఒకవేళ మినహాయింపు రాకపోతే మీరు నన్ను క్షమిస్తారా అని...”

వెనక దగ్గు వినిపించింది. కోటిలింగం!

ఇద్దరూ వెనక్కి తిరిగారు. ఆయన ఆమెను తేరిపార చూశాడు.

“మా కోసమని సంతకం పెట్టేసి ఉంటే నిన్ను నమ్మేవాణ్ణి కాదమ్మా” అన్నాడు నెమ్మదిగా. “మీ అమ్మగారి నంబరియ్యి. నేను మాట్లాడతా.”

మధుమితే తన ఫోన్ తీసి నొక్కింది. అవతల ఎత్తారు.

“అమ్మా, నీకు చెప్పానే కిట్టు... వాళ్ల నాన్నగారు మాట్లాడతారట.”