పొద్దుటి బీపీ

పొద్దున్నే కాఫీ గ్లాసు కింద పెట్టకముందే కూతురు బీపీ మిషను తెచ్చి బల్లమీద పెట్టింది.

"నాన్నా, చెయ్యి చాపు."

"రోజూ నాకెందుకే? కడుపుతో ఉన్నది నువ్వా నేనా?"

"వయసు మీద పడుతోంది. చాపమంటే చాపు."

చాపాడు. పట్టీ బిగిసింది, సడలింది. నూట ఇరవై, ఎనభై. ముసలాయన మీసం దువ్వుకున్నాడు.

"చూశావా? గీత గీసినట్టుంది!"

కూతురు మిషను పట్టుకుని తన గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకుంది. కాసేపటికి ఆస్పత్రికి మెసేజి వెళ్ళిన చప్పుడు వినిపించింది. రోజూ పొద్దున తన బీపీ చూసుకుని పంపాలని డాక్టరమ్మ షరతు. మొదటి కాన్పులో బీపీ పెరిగిందని నెలలు నిండకుండానే ఆపరేషన్ చేసి బిడ్డను తీశారు. ఆ బిడ్డ దక్కలేదు. ఇది రెండోది, ఎనిమిదో నెల. అద్దె ఇంటికి మెట్లు ఎక్కువని అల్లుడు ఆమెను ఇక్కడికి తీసుకొచ్చాడు. తనూ ఇక్కడే ఉంటున్నాడు.

ముసలాయన బస్సుల్లో టికెట్లు తనిఖీ చేసి రిటైరైన మనిషి. బస్సెక్కితే చాలు, టికెట్ లేనివాణ్ణి మొహం చూసి పట్టేసేవాడు. ఉద్యోగం పోయింది గానీ ఆ చూపు పోలేదు. ఇప్పుడది అల్లుడి మీద పడింది.

అల్లుడు కళ్ళజోళ్ళ షాపులో పనిచేస్తాడు. మెత్తని మనిషి. మెత్తని మనుషుల్ని ముసలాయన ఏనాడూ నమ్మలేదు. టికెట్ లేనివాళ్ళే ముందుగా నవ్వి పలకరించేవాళ్ళు. పైగా ఈ మధ్య అల్లుడు పెరట్లోకి వెళ్ళి గుసగుసగా ఫోన్ మాట్లాడుతున్నాడు. ఇవాళ ముసలాయన మొక్కలకు నీళ్ళు పోసే నెపంతో చెంబు పట్టుకుని గోడవారగా నిలబడ్డాడు.

"తను ఒప్పుకోదండీ... మీరే ఏదో ఒకటి చెప్పి రప్పించండి సిస్టర్. వచ్చాక ఇక ఇంటికి పంపొద్దు."

ముసలాయన ఒళ్ళు భగ్గుమంది. ఆస్పత్రుల సంగతి ఆయనకు తెలుసు. జ్వరమని భార్య నడిచి వెళ్ళింది. తిరిగి మోసుకొచ్చారు. ఏమైందని అడిగితే అర్థంకాని మాటలేవో చెప్పారు. అప్పటినుంచీ భోజనాల దగ్గర ఆయనది ఒకటే పాట. "నెలలు నిండకుండా కోసేది వాళ్ళ తొందర కోసమే. బిడ్డ కడుపులో ఉన్నంతసేపే భద్రం." కూతురు తలొంచుకుని వినేది. అల్లుడు ముద్ద మింగలేక నీళ్ళు తాగేవాడు.

అల్లుడు లోపలికి రాబోతుంటే ముసలాయన గుమ్మానికి అడ్డం నిలబడ్డాడు.

"ఏం బేరం కుదిరింది?"

"బేరమేంటి మామయ్యా?"

"నా కూతుర్ని ఎప్పుడు కోయిస్తున్నావని అడుగుతున్నా."

అల్లుడి మొహం పాలిపోయింది. "తనకి బాగోలేదు మామయ్యా. మొహం ఉబ్బింది. తలనొప్పని మూలుగుతోంది. అడిగితే నిద్ర చాలలేదంటుంది. నిన్న పేపర్లో అక్షరాలు అలుక్కుపోయాయంది. జోడు కావాలేమోనని నేనే చూశా. చూపులో దోషం లేదు. అదే సిస్టర్‌తో చెబుతున్నా."

"మరి మిషను అబద్ధం చెబుతోందా? రోజూ నార్మలే వస్తోందిగా?"

"అదే నాకూ అర్థం కావట్లేదు."

"కథలల్లేవాడికి అర్థం కాకపోవడమేంటి? చిట్టీ! ఆ మిషను పట్రా. ఇవాళ ఈయన నోరు మూయిద్దాం."

కూతురు గోడ పట్టుకుని వచ్చింది. పట్టీ విప్పి, అలవాటుగా తండ్రి చెయ్యి అందుకుంది.

"నాకెందుకే? నువ్వు కట్టుకో."

"పొద్దున చూసుకున్నా కదా నాన్నా."

"మళ్ళీ చూసుకో. పోయేదేముంది?"

"ఇప్పుడొద్దు."

ఆ గొంతు ఆయనకు కొత్త కాదు. టికెట్ ఎక్కడో పెట్టానని జేబులు తడుముకునేవాళ్ళ గొంతు. ఆయన కూతురి మొహంలోకి పరీక్షగా చూశాడు. కళ్ళ కింద వాపు. చూపు నిలవడం లేదు. ఆమె చెయ్యి లాక్కుని తనే పట్టీ చుట్టాడు. ఆ చేతికి పట్టీ ఉండగా తను ఒక్కసారీ చూడలేదని అప్పుడు తట్టింది.

మిషను మూలిగి ఆగింది. నూట డెబ్బై. కింద నూట పది.

"నా అంకెలు పంపుతున్నావా?" అన్నాడు.

"నీవి బాగుంటాయి కదా నాన్నా." కూతురు పట్టీ విప్పుకోబోయింది. "నిజం పంపితే రమ్మంటారు. వెళ్తే తీసేస్తారు. మొదటివాణ్ణి అలాగే తీశారు. కడుపులో ఉన్నంతసేపే భద్రమని నువ్వేగా అంటావు? ఇంకొన్నాళ్ళు దాచుకుందామనుకున్నా."

ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఈ దొంగకు దారి చూపించింది తన నోరే. ముసలాయన అల్లుడి వైపు చూడలేకపోయాడు.

"ఆటో పిలువు," అన్నాడు నేలను చూస్తూ.

"నన్ను పంపకు నాన్నా. వాళ్ళ సంగతి నీకు తెలుసుగా!"

"నాకేం తెలుసే? నాకు టికెట్లు తెలుసు. లే."

ఆస్పత్రిలో జరిగిందంతా విని డాక్టరమ్మ ఎవర్నీ తిట్టలేదు. తిడితే బాగుండుననిపించింది ఆయనకు. బీపీ దించడానికి ఒక మందు, ఫిట్స్ రాకుండా మరొకటి ఎక్కించారు. లోపలి బిడ్డ ఊపిరితిత్తులకు బలం రావాలని తల్లికి ఇంజక్షన్ ఇచ్చారు.

"ఇప్పుడే కోసేస్తారా?" అలవాటు చొప్పున గట్టిగానే అడిగాడు.

"తల్లి తట్టుకుంటే ఆగుతాం. ఇంజక్షన్ పనిచెయ్యడానికి వ్యవధి కావాలి. తట్టుకోలేకపోతే ఆగం. ముందు తల్లి." ఆమె వెళ్ళబోతూ ఆగింది. "ఈ అంకెలు ముందే తెలిసుంటే ఇంకాస్త వ్యవధి దొరికేదండీ."

మామూలుగానే అంది. ముల్లులా దిగింది.

గంట గంటకూ చూస్తూ రెండు రోజులు ఆపగలిగారు. ఆ తర్వాత బీపీ మందులకు లొంగలేదు. మధ్యాహ్నం ఆపరేషన్ చేశారు. ఆడపిల్ల. గుప్పెడంత. పిల్లికూనలా ఒకసారి ఏడ్చింది. అద్దాల పెట్టెలో పెట్టారు.

వరండాలో అల్లుడు గోడకి ఆనుకుని నిలబడ్డాడు. ముసలాయన వెళ్ళి పక్కన నిలబడ్డాడు. క్షమించమని అడగడం ఆయనకు చేతకాదు.

"ఏడుపొస్తే ఏడువు. ఇక్కడెవరూ చూడరు."

"మీరు చూస్తున్నారుగా మామయ్యా."

"నా చూపు ఏపాటిదో మొన్న తెలిసిందిగా."

అల్లుడు నవ్వబోయి ఏడ్చేశాడు. ముసలాయన అతని వీపు మీద చెయ్యి వేసి, తియ్యకుండా ఉంచాడు.

సాయంత్రానికి కూతురికి మత్తు దిగి మాట వచ్చింది.

"పాప బతుకుతుందా నాన్నా? నిజం చెప్పు."

ఇంట్లో ఏది అడిగినా ఆయన దగ్గర జవాబుండేది. అడక్కపోయినా ఉండేది.

"నాకు తెలీదమ్మా," అన్నాడు. "డాక్టరమ్మ వస్తోంది. ఆవిణ్ణి అడుగుదాం."

లేచి వెళ్ళి, ఆమె లోపలికి వచ్చేదాకా తలుపు తెరిచి పట్టుకున్నాడు.