గట్టినేల కింద ఇసుక

రోజూ ఉదయం ఆరింటికి ఫౌస్తినో ఈతకొలనులో వెల్లకిలా తేలుతాడు. డెబ్భై మూడేళ్ళ మోకాళ్ళు నేల మీద ఎంత మొరాయించినా నీళ్ళలో మాత్రం చెప్పిన మాట వింటాయి. చెవులు మునిగాక లోకంలో సగం గొడవ ఆగిపోతుంది. పైన ఎడారి ఊరు టూసాన్ ఆకాశం మెల్లగా తెల్లబడుతుంది. గోడ మీద గువ్వ గొంతు ఉబ్బిస్తుంది గాని కూత వినపడదు. ఆ పావుగంటలో ఆయనకు వయసు ఉండదు.

వంటింటి కిటికీలోంచి భార్య ఎల్వీరా చెయ్యి ఊపింది. తప్పదని చెవులు పైకెత్తాడు.

"ముసలోడా, చావీరా వచ్చేశాడు. ఒళ్ళు తుడుచుకుని రా. రొట్టెలు చల్లారిపోతున్నాయి."

చావీరా కొలనులు పూడ్చే కాంట్రాక్టరు. ఒకప్పుడు ఇతని తండ్రీ, ఫౌస్తినో ఇద్దరూ కలిసి ఊళ్ళో డబ్బున్నవాళ్ళకు కొలనులు తవ్వేవారు. తండ్రి తవ్వినవి కొడుకు పూడుస్తున్నాడు. నీటి బిల్లులు పెరిగాక ఈ ఊళ్ళో అదే బాగా నడిచే వ్యాపారం.

పిలిపించింది కూతురు ఇర్మా. ఆసుపత్రిలో నర్సు. మొగుడు వదిలేసి పోయాక, రెండేళ్ళ నయేలిని ఎత్తుకుని నెల క్రితం పుట్టింటికి వచ్చింది. పాపను తల్లికి అప్పగించి నిశ్చింతగా డ్యూటీ చేసుకుందామనుకుంది. ఆ నిశ్చింత వారం కూడా నిలవలేదు. ఒకరోజు కొలను చుట్టూ ఉన్న కంచె గేటు తెరుచుకుని ఉంది. నయేలి మెట్టు మీద కూర్చుని నీళ్ళలో కాళ్ళాడిస్తోంది. ఎల్వీరా చూసింది కాబట్టి సరిపోయింది. గాలికి తెరుచుకుందన్నాడు ఫౌస్తినో. ఆ రోజు ఆకు కూడా కదలలేదని అందరికీ తెలుసు.

"పూల్ అయినా ఉండాలి, మేమైనా ఉండాలి నాన్నా," అని అప్పుడే తేల్చేసింది ఇర్మా. ఆయన సరేనన్నాడు. సరే అనడానికి ఏం పోయింది, ఆ మాట మీద నిలబడడంలోనే ఉంది కష్టమంతా.

చావీరా కొలను గట్టు పక్కన, లోతు తక్కువ వైపు, చిన్న గొయ్యి తీసి అందులో బక్కెట్టు నీళ్ళు పోశాడు. అందరూ కాఫీలు తాగారు, రొట్టెలూ చిక్కుడు ముద్దా తిన్నారు. గంట తర్వాత వెళ్ళి చూస్తే నీళ్ళు పోసినవి పోసినట్టే ఉన్నాయి.

"కలీచే," అన్నాడు చావీరా తల పట్టుకుని. "మీకు నేను చెప్పాలా దోన్ ఫౌస్తినో? మట్టి కాదు ఇది, సున్నం గడ్డకట్టిన నేల, సిమెంటుకే తాత. పూల్ అడుగుకి కన్నాలు పెడితే వాన నీళ్ళు కిందికి దిగాలి. కింద ఇదుంటే ఎక్కడికి దిగుతాయి? చిల్లుగిన్నెని తీసుకెళ్ళి ఇంకో గిన్నెలో పెట్టినట్టే."

"దిగకపోతే ఏమవుతుంది?" అంది ఇర్మా.

"జూలై వానలకి పూడ్చిన మట్టి నానిపోతుందమ్మా. పైన పాప ఆడుకుంటూ ఉండగా కుంగుతుంది. అలా చేసి వెళ్ళిపోయే రకం కాదు నేను. పెద్ద మిషను తెచ్చి నాలుగు చోట్ల కలీచే అడుగంటా తొలవాలి. మామూలు నేలైతే పదకొండు వేల డాలర్లకి చేసేద్దును. దీనికి ఇరవై అవుతుంది. నా లాభం తీసేసి చెప్తున్నా."

ఇర్మా మొహం వాడిపోయింది. ఆమె దగ్గరున్నది పన్నెండు వేలు. చావీరా ఫౌస్తినో వైపు తిరిగాడు.

"తవ్వింది మీరే కదా. ఎక్కడన్నా పల్చగా తగిలిందా ఇది?"

ఫౌస్తినో నీళ్ళు నమిలాడు. గువ్వ వైపు చూశాడు. "గుర్తులేదు," అన్నాడు.

ఎల్వీరా చేతిలోని కాఫీ గిన్నె ఒక్క క్షణం గాల్లోనే ఆగింది.

"అయితే వద్దులెండి," అంది ఇర్మా నెమ్మదిగా. "ఫీనిక్స్‌లో మా స్నేహితురాలి ఇంటి పక్క వాటా ఖాళీగా ఉంది. శనివారం వెళ్ళిపోతాం."

రెండు గంటల దూరం. కొలను మిగిలిందని ఫౌస్తినో గుండెలో ముందు హమ్మయ్య అనిపించింది. ఆ వెంటనే అలా అనిపించినందుకు సిగ్గేసింది. తేలు కుట్టిన దొంగలా వంటింట్లోకి పోయి కూర్చున్నాడు.

ఎల్వీరా వెనకే వచ్చి తలుపు దగ్గరికి వేసింది.

"ఇసుక సంగతి ఎందుకు చెప్పలేదు?"

"ఏ ఇసుక?"

"నాతోనా ఈ నాటకాలు? లోతు వైపు నీ గడ్డపార దిగబడిన చోటు. ఆ మాట చెప్తే సగం ఖర్చు తగ్గేది."

"మర్చిపోయానే. మరుపు వచ్చిందని నువ్వే అంటావుగా."

"నువ్వు మర్చిపోయేది గేటు గొళ్ళెం," అంది ఎల్వీరా. "ఇసుకని కాదు."

ఆమె గిన్నెలు కడుగుతూ ఇటు తిరక్కుండానే అంది, "ఆ పూల్ ఎవరి కోసం తవ్వావో అదైనా గుర్తుందా?"

గుర్తులేకేం. ఇర్మాకు ఐదేళ్ళప్పుడు ఎడమకాలు బలహీనంగా ఉండేది. రోజూ నీళ్ళలో ఆడించమన్నాడు డాక్టరు. పరాయివాళ్ళ పెరళ్ళలో తవ్వే మనిషి తన పెరట్లో ఆదివారాలు తవ్వడం మొదలుపెట్టాడు. గడ్డపార వేస్తే నిప్పురవ్వలు లేచేవి. రోజంతా కొడితే టోపీడు పెళ్ళలు ఊడేవి. వాటినే పేర్చి పెరటిగోడ కట్టాడు. రెండో వేసవిలో ఒకరోజు గడ్డపార సగందాకా సర్రున దిగిపోయింది. ఆ పెళ్ళ కింద చల్లటి, తడి వాసనేసే ఇసుక. ఆ ఎండలో ముగ్గురూ నిచ్చెన దిగి గోతి అడుగున కూర్చున్నారు. పుచ్చకాయ కోసుకుని తిన్నారు. పైన ఆకాశం చిన్న నీలం గుడ్డలా ఉంది. జీవితంలో అంత చల్లగా ఆయన ఇంకెప్పుడూ కూర్చోలేదు. ఇన్నేళ్ళుగా నీళ్ళలో తేలుతూ ఆయన వెతుక్కున్నది ఆ మధ్యాహ్నాన్నే.

మర్నాడు ఉదయం మళ్ళీ తేలుతున్నాడు. కళ్ళు మూసుకుంటే పుచ్చకాయ వాసన కూడా తగులుతోంది. ఎంతసేపయిందో తెలీదు. కళ్ళు తెరిస్తే గట్టు మీద రెండు చిన్న పాదాలు కనపడ్డాయి.

చెవులు మునిగి ఉన్నాయి గనక నయేలి నోరు కదలడమే కనపడింది గాని మాట వినపడలేదు. ఎంతసేపటి నుంచి పిలుస్తోందో. ఆమె వెనక గేటు బార్లా తెరిచి ఉంది. గాలి లేదు. గొళ్ళెం వెయ్యకుండా దాన్ని తోసుకుని లోపలికి వచ్చింది ఆయనే. పాప ఒక కాలు ముందుకు పెట్టింది.

ఆయన ఎలా ఈదాడో తెలీదు. పాపను రెండు చేతులా పైకెత్తి పట్టుకున్నాడు.

"తాతా, నేనూ," అంది నయేలి నవ్వుతూ. చెవుల్లోంచి నీళ్ళు కారిపోయాక అదే ఆయనకు వినపడిన మొదటి మాట.

రాత్రి డ్యూటీ నుంచి అప్పుడే వచ్చిన ఇర్మా వరండాలో బూట్లు విప్పుకుంటోంది. తడిబట్టలతో, పాపను చంకనేసుకుని తండ్రి వచ్చి ఎదురుగా నిలబడ్డాడు.

"గేటు నేనే తీసి పెట్టేశానమ్మా. ఇవాళా నేనే, ఆ రోజూ నేనే. గాలి కాదు."

ఇర్మా పాపను గబుక్కున లాక్కుని గుండెకు అదుముకుంది.

"ఇంకోటుంది. లోతు వైపు కలీచే లేదు. నేను పగలగొట్టేశాను. కింద ఇసుకే. నిన్న చెప్పలేదు, కావాలనే చెప్పలేదు."

"మేం వెళ్ళిపోతామన్నా కూడానా?" అంది ఇర్మా.

"వెళ్ళిపోతామన్నా కూడా," అన్నాడాయన తల దించుకుని. "నన్ను తిట్టు తల్లీ."

తిట్టడానికే ఇర్మా నోరు తెరిచింది. వేరే మాట వచ్చింది.

"ఇసుక చల్లగా ఉండేది కదూ? నేను పుచ్చగింజలు నీ టోపీలో వేశాను."

"నీకు గుర్తుందా?"

"కల అనుకున్నాను నాన్నా. ఇన్నాళ్ళూ అదొక కల అనుకున్నాను."

ఫౌస్తినో మెట్టు మీద కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. వంటింటి గుమ్మంలో నిలబడి ఎల్వీరా కూడా చేత్తో కళ్ళొత్తుకుంది.

ఆ సోమవారమే చావీరా మనుషులు వచ్చారు. నీళ్ళు తోడేశాక ఫౌస్తినో నిచ్చెన దిగి, అడుగున కాలితో చూపించాడు. "ఇక్కడ." రెండడుగుల వెడల్పున సిమెంటు పగిలేసరికి ఇసుక వచ్చింది. చావీరా బక్కెట్టు నీళ్ళు పోశాడు. చూస్తుండగానే ఇంకిపోయాయి.

"గుర్తులేదన్నారు?" అన్నాడు చావీరా.

"నీ తెలివి ఎంతో చూద్దామని," అన్నాడు ఫౌస్తినో.

మట్టి కొనే ఖర్చు తగ్గించడానికి పెరటిగోడ పడగొట్టించింది కూడా ఆయనే. ముప్ఫై నాలుగేళ్ళ కిందట పైకి తెచ్చిన పెళ్ళల్ని అడుగున సర్దించి, పైన మెత్తటి మట్టి పోయించి దిమ్మిస కొట్టించాడు. పదమూడు వేలలో పని పూర్తయింది. తక్కువపడిన వెయ్యీ ఎల్వీరా పిండి డబ్బాలోంచి వచ్చింది. కంచె పీకేశారు. శనివారం ఇర్మా ఎక్కడికీ వెళ్ళలేదు.

ఆదివారం ఉదయం ఆరింటికి అలవాటు చొప్పున ఫౌస్తినో తువ్వాలు భుజాన వేసుకుని వెళ్ళాడు. కొత్త మట్టి రాత్రి చల్లదనంతో ఇంకా మెత్తగా ఉంది. తువ్వాలు పరిచి, దాని మీద వెల్లకిలా పడుకున్నాడు. ఈసారి గువ్వ కూత వినపడింది. వంటింట్లో ఎల్వీరా రొట్టెలు తట్టే చప్పుడూ వినపడింది. వాటి మధ్య మట్టి మీద చిన్న అడుగుల చప్పుడు.

"తాతా, నేనూ," అంటూ నయేలి వచ్చి పక్కన పడుకుంది.

అలవాటుగా ఆయన గుండె గతుక్కుమంది. గొళ్ళెం వేశానా లేదా అని తల ఎత్తి చూశాడు. అక్కడ గేటే లేదు. మళ్ళీ తల వాల్చి, పాప చెయ్యి పట్టుకుని కళ్ళు మూసుకున్నాడు.