సేందీఖానా గోడ దగ్గర మూడో పిలుపు

సంగారెడ్డిలో పాత సేందీఖానా మలుపు దగ్గర చీకటి పడ్డాక ఒంటరిగా నడవొద్దని మీకెవరూ చెప్పలేదా? అయితే మీరు ఊరికి కొత్తన్నమాట.

సేందీఖానా అంటే మరేం లేదు, కల్లు దుకాణం. నిజాం రాజ్యంలో పడ్డ పేరు. రాజ్యం పోయినా పేరు పోలేదు. కొత్త ట్రైనింగు కాలేజీకి పోయే బాటలో, కుడిచేతి పక్కన, సున్నం రాలిపోయిన పొడుగాటి గోడ ఉండేది. పొద్దుగూకితే బండ్లవాళ్లు, గుమాస్తాలు అందరూ అక్కడే చేరేవారు. కాలేజీ వచ్చాక, చదువుకునేవాళ్ల బాటలో కల్లేమిటని పెద్దమనుషులు అభ్యంతరం పెట్టారు. నయా పైసలు వచ్చిన ఏడాదే దుకాణం మూతపడింది. దాన్ని నడిపే సంగయ్య తన కుండలూ ముంతలూ బండికెత్తుకుని వెళ్లిపోయాడు. తలుపులు ఎవరో పీక్కుపోయారు. గోడ మిగిలింది.

గోడతో పాటు ఒక గొంతు మిగిలింది.

"ఎల్లయ్యా..."

కాసేపు ఏమీ ఉండదు. మళ్లీ — "ఎల్లయ్యా..."

అంతే. మూడోసారి వినపడదు.

ఆ మూడోసారి వినపడకపోవడమే అందరి భయం. మన దగ్గర పసిపిల్లలకు కూడా తెలుసు, రాత్రిపూట బయటినుంచి ఎవరైనా పేరు పెట్టి పిలిస్తే వెంటనే పలకకూడదని. దెయ్యం రెండుసార్లకు మించి పిలవదు. మూడోసారి కూడా పిలిచిందంటే మనిషి. అప్పుడు పలకొచ్చు.

బండి తోలే అంజయ్య ఆ గొంతు విని, ఎద్దులనూ బండినీ అక్కడే వదిలేసి ఊళ్లోకి పరుగెత్తుకొచ్చాడు. ఎద్దులు మాత్రం తెల్లారి తీరిగ్గా ఇంటికొచ్చాయి. ఊళ్లో ఎల్లయ్యలకు కరువా? నలుగురు తాయెత్తులు కట్టించుకున్నారు. ఒకాయన నెలరోజులు వేరే చుట్టుదారిన నడిచాడు.

ఈ కథ నేను విన్నట్టే చెబుతాను. ఎవరి దగ్గర విన్నానని మాత్రం అడక్కండి.

ఆ కాలేజీలో ఏలీయా అని ఒక సారు ఉండేవాడు. ఇస్త్రీ మడత నలగని మనిషి. ఇంగ్లీషు చెప్పేవాడు. మాట్లాడితే నాలుగు గదుల అవతలికి వినపడేది. ఆ గొంతు మీద ఆయనకు చాలా గర్వం.

అసలు ఆయన గడ్డపోతారం కూలీ పెద్దరాములు కొడుకు ఎల్లయ్య. మిషను బడిలో చేర్చిన రోజు పాస్టరు ఎల్లయ్యను ఏలీయా చేశాడు. పెద్దగా కష్టపడలేదు, పేరును కొంచెం సాగదీశాడంతే. మిగతాది మన సారే సాగదీసుకున్నాడు. ఉద్యోగంలో చేరినప్పుడు అడిగినవాళ్లకు, "మా నాన్నగారు మెదకులో చర్చి పని చూసేవారు. పోయి రెండేళ్లయింది" అని చెప్పాడు. పెద్దరాములు అప్పుడు గడ్డపోతారంలో నిక్షేపంగా ఉన్నాడు. కొడుకు రెండేళ్లుగా ఇంటి ముఖం చూడలేదు, అంతే.

దుకాణం మూసే ముందు సంగతి ఇది. ఒక సాయంత్రం ఏలీయా, ఉర్దూ చెప్పే ఫజలుద్దీన్ సాబ్, ఆఫీసు గుమాస్తా ఓదెలు — ముగ్గురూ సేందీఖానాలో కూర్చున్నారు. ఫజలుద్దీన్ సాబ్ కల్లు ముట్టడు. ఉడికించిన శనగ గుడాల కోసం, కబుర్ల కోసం వస్తాడు.

ఆ గోడకు ఒక వెదురు గొట్టం ఉండేది. అంటరానివాళ్లని పేరు పెట్టినవాళ్లను లోపలికి రానిచ్చేవారు కాదు. ముంత ఇచ్చేవారు కాదు. వాళ్లు గోడ అవతల నిలబడి గొట్టం కింద దోసిలి పట్టాలి. సంగయ్య లోపలినుంచి పోస్తాడు. దేశానికి స్వరాజ్యం వచ్చి పదేళ్లు కావస్తున్నా ఆ గొట్టం మాత్రం అక్కడే ఉంది. ఏలీయా సారు దానికి వీపు పెట్టి కూర్చునేవాడు.

ఆ సాయంత్రం ఆయన ఏదో ముచ్చట గట్టిగా చెబుతున్నాడు. సంగయ్య గొట్టంలో కల్లు పోయబోతున్నాడు.

అవతలినుంచి వచ్చింది.

"ఎల్లయ్యా..."

ఏలీయా మాట ఆగిపోయింది.

"ఎల్లయ్యా... నువ్వేనా బిడ్డా?"

గొట్టంలోంచి కల్లు బయటికి పోతుందని అందరికీ తెలుసు. మాటలు కూడా పోతాయని, వస్తాయని ఎవరూ అనుకోలేదు. పెద్దరాములు కాలేజీ కట్టడానికి రాళ్లు మోసే పనికి వచ్చాడు. పొద్దంతా మోసి, దోసిలి పట్టుకుని నిలబడ్డాడు. రెండేళ్ల తర్వాత కొడుకు గొంతు విన్నాడు.

"మిమ్మల్నే పిలిచినట్టుంది?" అన్నాడు ఫజలుద్దీన్.

"నా పేరు ఏలీయా. అది ఎల్లయ్య."

"మీ వాలిద్ సాబ్ ఏమో, సూడండి!" ఊరికే నవ్వులాటకే అన్నాడాయన.

ఏలీయా ఆ క్షణంలో లేచి బయటికి పోవచ్చు. పది అడుగులు. పోలేదు. చేతిలో ముంత కూడా కింద పెట్టలేదు.

"మా నాన్న పోయి రెండేళ్లయింది, సాబ్. వచ్చాడంటే దెయ్యమై రావాలి. రెండుసార్లు పిలిచింది గదా — మూడోసారి కూడా పిలిస్తే మనిషనుకుందాం!"

ఓదెలు పడీపడీ నవ్వాడు. ఏలీయా మాట ఎంత దూరం పోతుందో చెప్పాను గదా... గొట్టం దాకా అయితే రెండు మూరలు కూడా లేదు.

మూడో పిలుపు రాలేదు.

సంగయ్య గొట్టంలో కల్లు పోశాడు. అది మట్టి మీద పడ్డ చప్పుడు లోపలికి వినపడింది. కింద దోసిలి లేదు.

ఆ తర్వాత దుకాణం మూతపడింది. ఇంకో నెలకు గొంతు మొదలైంది. స్టాఫ్ రూములో అందరూ దాని గురించే మాట్లాడేవారు. ఏలీయా కూడా నవ్వుతూ మాట్లాడేవాడు. ఆ రాత్రినుంచి ఆయన కల్లు ముట్టలేదు, సరిగా నిద్రపోలేదు, రెండూ ఎవరికీ చెప్పలేదు.

ఆయనను తొలిచేది ఒకటే. ముసలాయన బతికున్నాడా? గొంతు నాన్నదే. పేరు తనదే. రెండుసార్లే పిలుస్తోంది. అంటే... పోయి ఉంటాడా? తాను ఆడిన అబద్ధం నిజమైందా? గడ్డపోతారం పోయి చూడొచ్చు. పోయాడని చెబితే ఏం చెయ్యాలి? ఉన్నాడంటే ఏ ముఖం పెట్టుకుని నిలబడాలి? ఏ ఆదివారానికి ఆ ఆదివారం బయలుదేరి, బస్సు దాకా పోయి, తిరిగి వచ్చేవాడు.

ఇంతలో ఒక శుక్రవారం నోటీసు వచ్చింది. మర్నాడు గోడ కూలగొడతారు. హాస్టలు కడతారు.

ఇక ఆ రాత్రి తప్పితే రాత్రి లేదు.

పది దాటాక ఏలీయా ఒక్కడే బయలుదేరాడు. లాంతరు తీసుకోలేదు. మలుపు తిరిగాడు... గోడ తెల్లగా కనిపిస్తోంది. చెప్పులు చప్పుడు చేస్తున్నాయని విప్పి చేత పట్టుకున్నాడు. గొట్టం దగ్గరికి వచ్చాడు.

ఏమీ లేదు. కీచురాళ్లు.

"ఎల్లయ్యా..."

చెవి పక్కనే, గొట్టంలోంచి.

పలకలేదు.

"ఎల్లయ్యా..."

ఇక మూడోది. రావాలి. ఒక్కసారి... ఒక్కసారి వస్తే చాలు. ఆ గోడకు చెంప ఆనించి నిలబడ్డాడు. ఎంతసేపు నిలబడ్డాడో ఆయనకే తెలియదు. మూడోది రాలేదు.

వచ్చింది బీడీ వాసన.

దెయ్యాలు బీడీ తాగుతాయని ఎక్కడా వినలేదు. గోడ చుట్టూ తిరిగి, తలుపు లేని గుమ్మంలోంచి లోపలికి పోయాడు. గొట్టం పక్క మూలన రాళ్ల గుట్ట. గుట్ట పక్కన గొంగడి. గొంగడిలో చిన్న నిప్పు.

"నాయనా..." గుసగుసలాడాడు. "నువ్వు... బతికే ఉన్నవా?"

"పోయిండని చెప్పింది నువ్వే గద బిడ్డా," అన్నాడు పెద్దరాములు. కోపం లేదు. కోపం ఉంటే బాగుండేది. "కూసో. బట్టలకు మట్టంటుతది, సూస్కో."

హాస్టలు కోసం తెచ్చిన రాళ్లకూ దూలాలకూ కంట్రాక్టరు ఆయనను రాత్రి కావలి పెట్టాడట. దెయ్యం సంగతి తెలిసి కంట్రాక్టరు సంబరపడ్డాడట, ఇక దొంగ అన్నవాడు రాడని.

"ఎందుకు పిలుస్తున్నవ్ నాయనా, రోజూ?"

"తెల్లంగీ కనపడితె నువ్వేనేమో అనిపిస్తది. నోరు ఊకోదు."

"మరి మూడోసారి..."

ముసలాయన బీడీ ఒకసారి పీల్చాడు.

"మూడోసారి పిలిస్తె నువ్వు పలకాలె గద. పలికితె నీకు నామోషి. గందుకే రెండు పిలిచి ఊకుంట."

ఏలీయా చేతిలోని చెప్పులు కింద పెట్టాడు.

"అవ్వకు తెలుసా? ఆ రాత్రి సంగతి..."

"నువ్వు పలికినవనే చెప్పిన. బయటికొచ్చి మాట్లాడినవని చెప్పిన. మీ అమ్మ నర్సింహమ్మ గట్ల నమ్మితెనే అన్నం తింటది."

అప్పుడు బాట మీద వెలుతురు కదిలింది. లాంతరు. రెండు గొంతులు — "ఏలీయా సాబ్! ఏలీయా సాబ్!" ఏలీయా గదిలో లేడని, ఈ బాట పట్టాడని తెలిసి, ఫజలుద్దీన్ ఓదెలును వెంటేసుకుని వచ్చాడు. పాపం, ఆ చోటికి రాత్రిపూట రావడానికి వాళ్లకెంత ధైర్యం కావాలో ఆలోచించండి. స్నేహం కొద్దీ వచ్చారు.

పెద్దరాములు బీడీ నేలకు రాసి ఆర్పేశాడు. గొంగడి కప్పుకుని గుట్ట వెనక చీకట్లోకి జరిగాడు. "పో బిడ్డా. నేనీడ లేను," అన్నాడు.

లాంతరు గుమ్మంలోకి వచ్చింది.

"యా అల్లా! ఇక్కడేం చేస్తున్నరు, సాబ్? ఎవరితోటి మాట్లాడుతున్నరు?"

ఎవరూ లేరని అనొచ్చు. నోటిదాకా వచ్చింది కూడా. కానీ ఈసారి ఏలీయా చీకటి వైపు తిరిగాడు. తన నాలుగు గదుల గొంతుతో పిలిచాడు.

"నాయనా!"

జవాబు లేదు. ఓదెలు ఫజలుద్దీన్ చెయ్యి పట్టుకున్నాడు.

"నాయనా!"

జవాబు లేదు. ముగ్గురికీ తెలుసు, ఇప్పటికి రెండయ్యాయి.

"నాయనా!"

గుట్ట వెనకనుంచి ముసలాయన లేచి వచ్చాడు. వెలుతురులోకి వచ్చి, వంగి, రెండు చేతులూ జోడించాడు.

"దండం సారూ. రాళ్లకాడ కావలోన్ని. ఈ సారుకు జెర ఎక్కువైనట్టుంది... చీకట్ల నన్ను సూసి నాయనా, నాయనా అంటుండు. ఇంటికి తోల్కపోండ్రి, మంచుల పడతడు."



ముందు ఓదెలు నవ్వాడు. "దెయ్యం గీ ముసలోడా సార్!" అని కడుపు పట్టుకున్నాడు. ఫజలుద్దీన్ సాబ్ గుండె మీద చెయ్యేసుకుని, ఇన్నాళ్ల భయం దిగిపోగా, ఆయనా నవ్వాడు. వచ్చి ఏలీయా భుజం చుట్టూ చెయ్యి వేశాడు. ముసలాయన కూడా, సార్లు నవ్వితే నవ్వాలి గనక, కొంచెం నవ్వాడు. ఆ ఒక్క మాటతో నిచ్చెన వేసి ఇచ్చాడాయన, దిగిపొమ్మని. కాదు, ఈయన మా నాన్నే అని ఇంకొక్క మాట అంటే సరిపోయేది. ఏలీయా సారు వాళ్లందరి ముఖాలూ చూశాడు... చూసి నవ్వాను.

అవును, నవ్వాను. ఇంతసేపూ ఎవరో అన్నట్టు చెప్పుకొచ్చాను గానీ, ఆ ఏలీయాను నేనే. ఆ రాత్రి నా నోట్లో ఒక్క చుక్క కల్లు లేదు. తాగినవాడిలా తూలుతూ, ఫజలుద్దీన్ భుజం మీద వాలి, ఆ గుమ్మం దాటి వచ్చేశాను. వెనక్కి చూడలేదు.

తెల్లవారి గోడ కూలింది. గొట్టాన్ని ఎవరో పొయ్యిలోకి పట్టుకుపోయారు. కావలికి వేరే మనిషి వచ్చాడు. గొంతు ఇక వినపడలేదు.

మూడు ఆదివారాలు బస్సు దాకా పోయి తిరిగి వచ్చి, నాలుగో ఆదివారం ఎక్కాను. గడ్డపోతారంలో నాన్న ఇంట్లో లేడు, పనికి పోయాడు. అవ్వ గడపలో కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. నన్ను చూసి లేచింది. నా ముఖం రెండు చేతుల్లోకి తీసుకుంది. ఆమె కళ్లలో అంత వెలుగు నేనెప్పుడూ చూడలేదు.

"సార్లందరి ముంగట మూడుసార్లు నాయనా అని పిలిచినవట గద బిడ్డా! మీ నాయన వాడంతా గదే చెప్పుకుంట తిరుగుతుండు."

నవ్విన సంగతి ఆయన చెప్పలేదు. నేనూ చెప్పలేదు.